వదిన కుడిచెయ్యి

ఆస్పత్రి దుప్పటి మడవడం ఇద్దరి పని. ఇస్త్రీ చేసే వేడి రోలరు కింద నుంచి దుప్పటి బయటికి రాగానే ఇటు రెండు మూలలు నేను, అటు రెండు మూలలు వదిన అందుకుంటాం. ఒకసారి విదిలించి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఒకరి వైపు ఒకరం నడుస్తాం. నా చేతిలోని మూలలు ఆవిడ చేతిలో పెడతాను. మా మాటలన్నీ ఆ ఎదురుపడ్డ క్షణంలోనే. రోలరు రొదలో అంతకంటే దూరం నుంచి మాట్లాడితే వినపడదు. "నిన్న నిద్ర పట్టిందా?" అని ఒక దుప్పటికి ఆవిడ అడిగితే, "ఎక్కడ పట్టి చచ్చింది" అని తర్వాతి దుప్పటికి నేను చెబుతాను. రోజుకి నాలుగు వందల దుప్పట్లు, ఎనిమిదేళ్ళు. ఇంట్లోవాళ్ళతో కూడా నేనిన్ని మాటలు ఆడి ఉండను.

ఆవిడ నాకు వరసకి ఏమీ కాదు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మొదటిరోజు "వదినా, ఇటు పట్టుకో" అని నోటికొచ్చినట్టు అన్నాను, అదే ఖాయమైపోయింది. ఆవిడ మాత్రం నలభై ఎనిమిదేళ్ళ నన్ను "పిల్లా" అంటుంది.

ఆ లాండ్రీలో నాకున్న స్నేహం ఆవిడొక్కతే. అందుకు కారణం నా నియమం.

ఆదివారం సాయంత్రాలు నేను టీచరుగారింటికి ప్రార్థనకు వెళ్తాను. రిటైరైన మనిషి, ముందుగదిలో చాప పరుస్తుంది, పదిమందిమి కూర్చుంటాం. ఆరేళ్ళ కిందట ఆవిడ అందరినీ తలా ఒక నియమం పెట్టుకోమంది. ఒకరు తీపి మానేస్తానన్నారు, ఒకరు టీవీ చూడనన్నారు. ఎదురుగా లేని మనిషి గురించి మాట్లాడనని నేనన్నాను. మిగతావాళ్ళ నియమాలు నెల తిరక్కుండానే గాలికి పోయాయి. నాది నిలబడింది. నాలో భక్తి కంటే మొండితనం పాలు ఎక్కువ.

కానీ ఎదురుగా లేని మనిషి గురించి మాట్లాడకపోతే టీ గదిలో మాట్లాడటానికి ఇంకేముంటుంది? మేం మడతపెట్టేవాళ్ళం ఆరుగురం. పదకొండింటికి పావుగంట టీ. మాలో ఒకామెకు రేడియో అని పేరు. పొద్దున్నే మొదలుపెట్టి వార్డు నర్సుల దగ్గర్నుంచి సూపర్‌వైజరు అత్తగారి దాకా అందరి సంగతులూ ప్రసారం చేస్తుంది. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా చెబుతుంది. గొంతులు మార్చి, నడకలు అనుకరించి, నవ్వించి చంపుతుంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, "గురువుగారొచ్చారు, ఇక భజన చేసుకుందాం" అనేది. అందరూ నవ్వి, ఆ తర్వాత ఎండల గురించి మాట్లాడేవారు. నేను టీ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. వెనక మళ్ళీ నవ్వులు మొదలయ్యేవి. ఆరేళ్ళ పాటు నవ్వులకు వీపు పెట్టి టీ తాగడం ఎంత అలసటో ఎవరికి చెప్పుకోను? దేవుడికి చెబితే నియమం నువ్వే పెట్టుకున్నావు కదా అంటాడు.

అందుకే కాబోలు, వదిన తన సంగతి నాకే చెప్పింది.

చెప్పడం కాదు, నా కంట పడింది. మూడు నెలల కిందట ఒకరోజు మూలలు అందిస్తుంటే ఆవిడ కుడిచేతి చూపుడువేలు చివర పెద్ద బొబ్బ కనిపించింది. నీరు నిండి ఉబ్బి ఉంది.

"ఇదెప్పుడు కాలింది?" అన్నాను.

ఆవిడ వేలు చూసుకుంది. మొహంలో రంగు మారింది. నాలుగో దుప్పటికి, "తెలీలేదు పిల్లా. ఆ చేతికి ఏడాదిగా ఏమీ తెలియట్లేదు" అంది.

కుడిచేతి వేళ్ళకు స్పర్శ పోయింది. డాక్టరు మాత్రలిచ్చాడు, మెడలో నరం అన్నాడు, చూద్దామన్నాడు. అందరూ అనేమాటే. సూపర్‌వైజరుకి తెలిస్తే రోలరు దగ్గర ఉండనివ్వడు. కింద మురికి బట్టలు విడదీసే మురికిగదికి పంపుతాడు. ఏటేటా రాసే పని ఒప్పందం కాగితం ఆర్నెల్లలో ముగుస్తుంది, మురికిగదిలో ఉన్నవాళ్ళకి ఆ కాగితం మళ్ళీ రాసినట్టు మేమెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆవిడ సంపాదన మీదే మంచాన పడ్డ అన్నయ్యగారూ, చదువుకునే మనవరాలూ ఉన్నారు.

"నీకు తప్ప ఎవరికీ తెలీదు" అంది. "నువ్వు కాబట్టి."

ఆ రోజు నుంచి రోలరు వైపు నేను నిలబడ్డాను. వేడి మూలలు నేనే లాగి, చల్లారాక ఆవిడకి అందించేదాన్ని. ఆవిడ ఎడమచేత్తో పట్టుకుని కుడి మణికట్టుతో అదిమేది. చూసేవాళ్ళకు తేడా తెలియకుండా అలవాటు చేసుకున్నాం. నా వేళ్ళు మాత్రం మండిపోయేవి. పోతే పోనీ అనుకున్నాను, ఆరేళ్ళలో నా నియమం ఒకరికి అక్కరకొచ్చింది కదా అని లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

ఇక టీచరుగారింటి సంగతి. అక్కడ నేను కలిసిపోయాననుకుంటారేమో, అదీ లేదు. పాటలయ్యాక ఒక్కొక్కరూ ఎవరికోసం ప్రార్థించాలో చెబుతారు. "మా తోటికోడలు కొడుకు కోసం, ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు" అని ఒకరు. "మా పక్కింటావిడ కోసం, మొగుడు మళ్ళీ తాగుతున్నాడు" అని ఒకరు. అందరూ అయ్యో అంటారు, వివరాలు అడుగుతారు, కళ్ళు తుడుచుకుంటారు. టీ గదికీ దీనికీ తేడా ఏమిటంటే ఇక్కడ చివర్న దేవుడి పేరు వస్తుంది. ఈ మాట పైకి అనే ధైర్యం నాకెప్పుడూ లేదు. నా వంతు వచ్చినప్పుడు, "అందరూ బాగుండాలి" అనేదాన్ని. ఆ మాటకు ఎవరూ నా భుజం మీద చెయ్యి వెయ్యరు. చాప చివర కూర్చుని ఇంటికొచ్చేదాన్ని.

నెల కిందటి ఆదివారం బాగా అలసిపోయి వెళ్ళాను. ఆ వారం ఇద్దరి వేడీ నేనే మోశాను, వేళ్ళు వాచి ఉన్నాయి. నా వంతు వచ్చింది. టీచరుగారు మెల్లగా, "నీకెవరూ లేరా అమ్మా, ప్రార్థించడానికి?" అంది. మంచిగానే అడిగింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"ఉన్నారు" అన్నాను. "నాతో దుప్పట్లు మడిచే ఆవిడ. కుడిచేతికి స్పర్శ పోయింది."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. బొబ్బ గురించి చెప్పాను, మాత్రల గురించి చెప్పాను, నేను వేడి మూలలు లాగడం గురించి చెప్పాను. పేరు చెప్పలేదు. అందరూ నా వైపు జరిగారు. ఒకామె నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని వాచిన వేళ్ళు చూసి, "నువ్వెంత మంచిదానివే" అంది. ఆరేళ్ళలో మొదటిసారి నేను చాప మధ్యలో ఉన్నాను. ఎంత హాయిగా ఉందో చెబితే సిగ్గుచేటు.

నా చెయ్యి పట్టుకున్నామె మా సూపర్‌వైజరుకి అక్క. ఆ సంగతి నాకు తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, ఇంకా పూర్తిగా నమ్మలేదు.

మంగళవారం సూపర్‌వైజరు రోలరు ఆపించి ఆరుగురినీ వరసగా నిలబెట్టాడు. కళ్ళు మూసుకుని చేతులు చాపమన్నాడు. పెన్ను మొనతో ఒక్కో వేలూ తాకి ఏ వేలో చెప్పమన్నాడు. వదిన వంతు నాలుగోది. మొదట "చూపుడువేలు" అంది. అప్పుడు తాకింది ఉంగరపు వేలు. కళ్ళు మూసుకునే ఉండి, "చిటికెనవేలు" అంది.

అప్పటికి అతను పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

మర్నాటి నుంచి వదినని మురికిగదికి వెళ్ళమన్నాడు. కోప్పడలేదు. "రోలరులో చెయ్యి పడితే నేనేం సమాధానం చెప్పనమ్మా?" అన్నాడు. అతనన్నదీ అబద్ధం కాదు. వెళ్తూ వెళ్తూ నా పక్కన ఆగి, గొంతు తగ్గించి, "మా అక్క చెప్పింది. మీరు చెప్పడం మంచిదైంది" అని మెచ్చుకుని వెళ్ళాడు.

టీ గదిలో వదిన నేరుగా రేడియో ముందుకెళ్ళి నిలబడింది. "పోయిన వారం నా చేతిలోంచి గ్లాసు జారినప్పుడు చూసింది నువ్వొక్కదానివే" అంది. రేడియో ఒట్లు పెట్టుకుంది, ఏడ్చింది. ఒక్కరూ నమ్మలేదు. రేడియో అని పేరు పెట్టుకున్నాక ఎవరు నమ్ముతారు? వదిన నా వైపు తిరిగి, "ఈ గదిలో నోరు అదుపులో ఉన్న మనిషివి నువ్వొక్కదానివే" అంది.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇతరుల విషయాలు మాట్లాడకపోవడం నా నియమం కదా, ఆ రోజు ఆ నియమం చాటున దాక్కున్నాను.

మర్నాడు దుప్పట్లు ఒక్కదాన్నే మడిచాను. జోడీ లేనప్పుడు గోడకున్న క్లిప్పులకి రెండు మూలలు తగిలించి లాగాలి. క్లిప్పు మాట్లాడదు. టీ వేళ దాకా వంద దుప్పట్లు గోడకేసి మడిచేసరికి నా మీద నాకే రోత పుట్టింది. వదిన ఆ రోజు కూడా టీకి పైకి వచ్చింది. రేడియో మూల కూర్చుని ఉంది, ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. ఆ మూల నేను రోజూ నిలబడే కిటికీ పక్కదే.

"వదినా, ఆ మాట బయటపెట్టింది ఆవిడ కాదు. నేను."

వదిన నవ్వింది. "దాన్ని వెనకేసుకు రాకు పిల్లా. నీ పెదవి దాటి మాట రాదని నాకు తెలీదా?"

"ప్రార్థనలో చెప్పాను. అక్కడికి సూపర్‌వైజరు అక్క వస్తుంది."

వదిన గ్లాసు కింద పెట్టింది.

"పేరు చెప్పావా?"

"లేదు. నాతో దుప్పట్లు మడిచే ఆవిడ అన్నాను."

"ఇంక పేరెందుకు?" అంది. "ఎందుకు చెప్పావు?" అని అడిగింది.

ఏమేమో చెప్పాలనుకున్నాను. నీ చెయ్యి బాగవాలనే చెప్పానని అనొచ్చు, సగం నిజమే. "అందరూ ఎవరో ఒకరి గురించి చెబుతున్నారు" అన్నాను. "నాకు చెప్పడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు."

ఆవిడ కుడిచెయ్యి బల్ల మీద పెట్టి వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకుంది. "ప్రార్థన చేశారా మరి?"

"చేశారు."

"ఏం మారలేదే" అంది. రేడియో వైపు తిరిగి, "నిన్ను ఊరికే అన్నాను, మనసులో పెట్టుకోకు" అని చెప్పి లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత టీకి పైకి రాలేదు.

వారం గడిచింది. టీచరుగారింటికి వెళ్ళలేదు. నియమం పోయింది, స్నేహం పోయింది, ఇంక దేన్ని కాపాడుకోవడానికి వెళ్ళాలో తెలియలేదు. సోమవారం టీ గదిలోకి వెళ్ళగానే రేడియో పక్కకి జరిగింది.

"ఇలా వచ్చి కూర్చోండి గురువుగారూ. మీరూ మాలాంటి మనిషేనని తెలిసింది, ఇంక దూరమెందుకు?" అంది. వెటకారం లేదు. నన్ను దగ్గరికి తీసుకుంటోంది. ఎవరో బిస్కట్ల పొట్లం నా ముందుకు తోశారు. ఆరేళ్ళుగా నేను కిటికీ దగ్గర నిలబడి కోరుకున్నది ఇదే. కూర్చున్నాను. అది వదిన కుర్చీ.

రెండు గుటకలు తాగానో లేదో రేడియో మొదలుపెట్టింది. "అయినా ఆవిడదీ తప్పుందిలెండి. చెయ్యి పనిచెయ్యనప్పుడు చెప్పాలి కదా? మీ వేళ్ళు కాల్చుకుంటూ ఆవిడ ఉద్యోగం మీరు చెయ్యాలా? మొదట్నుంచీ ఆవిడకి..." అంటూ వదిన నడక అనుకరించడానికి లేచి నిలబడింది. ఎవరో అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. ఊఁ అంటే చాలు, నేను ఆ గది మనిషినే.

"ఆవిడ ఇక్కడ లేదు కదా" అన్నాను.

రేడియో కూర్చుంది. ఎవరో ఎండ గురించి ఏదో అన్నారు. నాకు కోపం రాలేదు, వాళ్ళ మీదా, నా మీదా. టీ గ్లాసు పట్టుకుని లేచి మెట్లు దిగాను.

మురికిగదికి కిటికీ లేదు. వార్డుల నుంచి వచ్చిన మూటలు నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. ఒక్కో మూట విప్పి, రక్తం మరకలవి వేరుగా, మిగతావి వేరుగా వెయ్యాలి. దుప్పట్లలో సూదులు వదిలేస్తుంటారు, గుచ్చుకున్నా తెలియని చేతితో ఆవిడ ఆ పని చెయ్యాలి. వదిన మందపాటి తొడుగులు వేసుకుని ఎడమచేత్తో తడుముతోంది. నన్ను చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. గుమ్మంలో నిలబడి టీ తాగాను.

తాగడం అయిపోయింది. ఇంక అక్కడ నిలబడటానికి సాకు లేదు. వెనక్కి తిరగబోయాను.

"ఇదిగో" అంది.

తలెత్తకుండానే ఒక మూట నా వైపు నెట్టింది. ఎవరో తాడు రెండు చుట్లు తిప్పి బిగించి ముడేశారు. వేళ్ళకు స్పర్శ లేనివాళ్ళకి అది విడదు. గ్లాసు నేలమీద పెట్టి కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టాను. గట్టిగా ఉంది, గోరు దూరడం లేదు. మొహం దగ్గరికి తీసుకున్నాను.

"పళ్ళతో లాగకు పిల్లా" అంది వదిన. "అది ఏ వార్డుదో ఏమో."