రుక్కమ్మ నిశాని

భీమేశ్వరరావు గారు తొమ్మిదిన్నరకల్లా మాదాపూర్‌లోని రేకుల షెడ్డు ఆఫీసుకి వచ్చేవారు. స్కూటరు నీడలో పెట్టి, కుర్చీ తుడిపించుకుని కూర్చోగానే సంతకాలు మొదలయ్యేవి. రోడ్ల ప్రాజెక్టులో అసిస్టెంటు ఇంజనీరు గారికి సంతకాలు తప్ప ఇంకేం పని ఉంటుంది చెప్పండి! కంకర వచ్చిందని ఓ సంతకం, రాలేదని ఓ సంతకం, వచ్చింది చాల్లేదని ఇంకోటి. ఆయన సంతకం పెట్టి పెన్నుకి మూత పెట్టేలోపు, దాని పక్కనే ఊదారంగు వేలిముద్ర ఒకటి తేలేది. స్టాంపు ప్యాడు మీద అద్ది అప్పుడే నొక్కినట్టు తడిగా ఉండేది. గుమస్తా రాములు దాని మీద కాగితం అద్ది, ఆరాక ఫైలు కట్టేవాడు.

రెండేళ్ళుగా ఇదే వరస. బ్యాంకులో డబ్బు తీసుకునే కాగితం మీద పడితే, కౌంటరులో అమ్మాయి "జాయింటు ఖాతానా సార్?" అని తన స్టాంపు తను కొట్టుకుంది. కొడుకు లోహిత్ ప్రోగ్రెస్ కార్డు మీద పడితే తల్లీతండ్రీ ఇద్దరూ చూశారు కాబోలనుకుని టీచరు సంతోషపడింది. ఆయన భార్య సుబ్బలక్ష్మి గ్యాసు పుస్తకం మీద చూసి, "కాస్త ఆరనిచ్చి ఇవ్వండి, చీరకంటుకుంటుంది" అంది, అంతే. ఎప్పుడైనా ముద్ర పడడం ఓ క్షణం ఆలస్యమైతే రాములు చెయ్యి చాపి, "ఆగుండ్రి సార్, ఇంకోటి పడాలె" అనేవాడు.

ఆ వేలు ఎవరిదో మాత్రం భీమేశ్వరరావు గారికే తెలుసు. ముద్ర మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత ఉండేది. ఎప్పుడో రాయి చీరేసిన గాటు అది. అది కనబడ్డ ప్రతిసారీ ఆయనకి చెవులు వేడెక్కేవి, తల వంచుకునేవారు. ఆఫీసులో అందరూ ఆయన్ని వినయవంతుడనుకునేవారు పాపం.

ఆ వేలు రుక్కమ్మది. పాలమూరు వైపు నుంచి వచ్చి రాళ్ళు మోసిన మనిషి. సైబర్ టవర్స్ ఇంకా పునాదుల్లో ఉన్నప్పుడు, అటు వెళ్ళే రోడ్డు కోసం బండలు పేల్చేవాళ్ళు కదా, ఆ పనిలో ఉండేది. పొద్దున్నే మస్టరు పిలిచేటప్పుడు అందరికంటే ముందొచ్చి, "పెడుతున్న సారూ" అంటూ బొటనవేలు ఎంత గట్టిగా నొక్కేదంటే కింది పేజీలో కూడా అచ్చు దిగేది. హాజరు పోతుందేమోనని ఆవిడ భయం. కూలీలంతా నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం పెద్దవాళ్ళెవరో మర్నాడు రోడ్డు చూడ్డానికొస్తారని కబురొచ్చింది. ఈయన తొందరపడ్డారు. రెండుసార్లు ఊదాల్సిన విజిలు ఒకసారే ఊదించారు. అవతలి వైపు ఎర్రజెండా నిలబెట్టారో లేదో చూడకుండానే పేల్చమన్నారు. మరిచిపోయిన సద్దిగిన్నె కోసం రుక్కమ్మ వెనక్కి వెళ్ళింది. ఇక చెప్పేదేముంది.

చెప్పేది ఆ తర్వాతే ఉంది. ఆ సాయంత్రం ఆయన మస్టరులో రుక్కమ్మ పేరున్న పేజీలన్నీ చింపి టీ పొయ్యిలో వేయించారు. ముప్పై రెండు పేర్లున్న చోట ముప్పై ఒకటి రాసి, మిగతా కూలీలందరి చేతా మళ్ళీ వేలిముద్రలు వేయించి, తెల్లారేలోపు వాళ్ళని బెంగుళూరు రోడ్డు పనికి లారీ ఎక్కించేశారు. పోలీసులకి ఇచ్చిన కాగితంలో "కట్టెలు ఏరుకోవడానికి వచ్చిన గుర్తు తెలియని స్త్రీ" అని రాశారు. పై అధికారి ఈఈ నరసింహమూర్తి గారు గుచ్చి అడగలేదు, ఈయన విప్పి చెప్పలేదు. పదకొండో రోజున ఊరి నుంచి రుక్కమ్మ కూతురు శ్రీలత వచ్చింది. తల్లి పోయిందని లారీ ఎక్కినవాళ్ళ ద్వారా విన్నది గాని, ఎక్కడ పూడ్చారో ఎవరూ చెప్పలేకపోయారు. ఠాణాలో అడిగితే, "అది మీ అమ్మేనని ఏమిటి ఆధారం? పనిలో ఉందని ఆఫీసు వాళ్ళ కాగితం తే, అప్పుడు అనాథ శవాల రిజిస్టరు తీస్తాం" అన్నారు. అప్పట్నుంచి ఆ పిల్ల కొండాపూర్‌లో గది కిరాయికి తీసుకుని, కొత్త ఆఫీసుల్లో నేల తుడుస్తూ, నెలకోసారి ఈ షెడ్డుకి వచ్చేది. "మా మస్టర్లో ఆ పేరు లేదమ్మా" అని ఈయన నోటిమాటగా చెప్పి పంపేసేవారు. అబద్ధం కూడా అలవాటైతే అన్నం తిన్నంత తేలిగ్గా వస్తుంది.

తొంభై తొమ్మిదిలో, ఎండలు ముదిరే రోజుల్లో, ఆ షెడ్డులోనే ఒక సమావేశం జరిగింది. కూడలిలో మహిళామణుల స్తూపం ఒకటి కట్టాలని పైనుంచి ఆదేశం. చరిత్రలో ఏ ఆడవాళ్ళు దానికి తగినవాళ్ళో ఏడు పేర్లు తేల్చి పంపాలి. జాబితా రాసే బాధ్యత భీమేశ్వరరావు గారిది. ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన పుణ్యవతి గారిని సలహాకి పిలిపించారు. ఆవిడ సన్నగా, నిటారుగా, ఎవర్నీ లెక్కచెయ్యనట్టు ఉండేది.

"రుద్రమదేవి గురించి తగాదా లేదు, రాయండి" అన్నారు ఈఈ గారు.

"చాకలి ఐలమ్మ పేరు లేకుంటె నేను ఫైలే కట్ట సార్" అన్నాడు రాములు, టీ గ్లాసులు పెడుతూ.

"రాశానయ్యా, పరేషాన్ అవ్వకు" అన్నారు భీమేశ్వరరావు గారు. "దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు మా వైపు ఆవిడ, ఆవిడా ఉంది. నాయకురాలు నాగమ్మని కూడా..."

"నాగమ్మా? వద్దు బాబూ! పల్నాటి యుద్ధం మళ్ళీ ఇక్కడ మొదలవుతుంది" అని ఈఈ గారు చెవులు మూసుకున్నారు. "భాగమతిని పెట్టండి. ఊరి పేరే ఆవిడది అంటారుగా."

పుణ్యవతి గారు కళ్ళజోడు తీసింది. "అంటారు సరేనండీ. ఒక్క శాసనం చూపించండి, ఒక్క నాణెం చూపించండి, నేనే దగ్గరుండి రాతి మీద చెక్కిస్తాను. గొప్పదని ఎవరైనా చెబుతారు. ఆవిడ ఉందనడానికి గుర్తేమిటన్నదే నా బాధ."

గంటన్నర వాదించుకున్నాక ఏడు పేర్లు తేలాయి. భీమేశ్వరరావు గారు అందంగా రాసి కింద సంతకం పెట్టారు. పక్కన వేలిముద్ర పడింది. రాములు అద్దడానికి కాగితం తీశాడు. పుణ్యవతి గారు వంగి చూసింది.

"ఈ వేలిముద్ర ఎవరిదండీ?"

"అది ఎప్పుడూ పడేదే మేడం" అన్నాడు రాములు.

"పడితే పడనీ. పక్కన పేరేదీ? పేరు రాయని వేలిముద్ర చెల్లుతుందా ఎక్కడైనా? రేపు ఎవరిదైనా అనొచ్చు."

"నిజమే సుమా, ఇన్నాళ్ళూ మనకి తట్టలేదు" అన్నారు ఈఈ గారు. "రాసెయ్యవయ్యా."

రెండేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. భీమేశ్వరరావు గారు పెన్ను మూత తీశారు. ఒక్క పేరు, మూడక్షరాలు. రాస్తే అక్కడితో ఆగదు, ఎందుకు పడుతోందంటారు, మస్టరు తెమ్మంటారు, ఉద్యోగం ఊడుతుంది. ఆయన చెయ్యి తనంతట తాను ఆ ముద్ర పక్కన "సుబ్బలక్ష్మి" అని రాసేసింది.

"మా ఇంట్లోవాళ్ళదండి" అన్నారు.

"అయ్యో, చదువుకోలేదా ఆవిడ?"

"లేదండి" అన్నారాయన. సుబ్బలక్ష్మి బీయే ఫస్టు క్లాసు. ఆ మాట అన్నాక ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది. బతికున్న ఇల్లాలిని నిరక్షరాస్యురాలిని చేసి, చచ్చిపోయినదాని వేలు ఆవిడకి అతికించి, దాని పైన రుద్రమదేవి పేరు రాసి కూర్చున్నాడు!

తలుపు దగ్గర శ్రీలత నిలబడి ఉంది. ఆ రోజు ఆమె నెలవారీగా వచ్చే రోజే. ఈఈ గారు విసుక్కున్నారు. "ఆ అమ్మాయిని ఎన్నాళ్ళు తిప్పుతావయ్యా? లేదని రాసి ఇచ్చేయ్. ఒక పని అయిపోతుంది."

ఆయన కాగితం తీశారు. "రుక్కమ్మ అనే స్త్రీ మా పనిలో ఎన్నడూ లేదు" అని ఒకే వాక్యం రాసి, సంతకం పెట్టి, తల ఎత్తకుండా చాపారు. కాగితం ఆ పిల్ల చేతిలోకి వెళ్ళేసరికే వేలిముద్ర పడిపోయింది.

శ్రీలత ఏడో తరగతి దాకా చదివింది. పెదాలు కదుపుతూ వాక్యం చదివింది. తర్వాత కింద ఊదారంగు మీద ఆమె కళ్ళు ఆగిపోయాయి. వేలితో ఆ తెల్ల గీతని తడిమింది.

"సారూ, గిది మా అమ్మ వేలు."

పుణ్యవతి గారు బల్ల మీది జాబితా తీసి ఆ కాగితం పక్కన పెట్టి చూసింది. రెంటి మీదా అదే వేలు, అదే గాటు. ఒకచోట సుబ్బలక్ష్మి అని రాసి ఉంది. ఆవిడ భీమేశ్వరరావు గారి వైపు చూసి, జాబితా ఆయన ముందుకి జరిపింది. తిట్టినా బాగుండేది.

శ్రీలత మాత్రం ఇంకా కాగితమే చూస్తోంది. "మా అమ్మకు సదువు రాదు సారూ. ఏ కాయితం ముంగట పెడితె దానికి వేలు పెడ్తది. నేను లేను అని రాసినా తెల్వక పెట్టింది సూడుండ్రి" అంది. "హాజరు పిలుస్తున్నరు అనుకున్నదేమో."

ఇన్నాళ్ళూ ఆయన అనుకున్నది వేరు. రుక్కమ్మ తనని పట్టిస్తోందని, పగ పట్టిందని, ప్రతి కాగితం మీదా నిలదీస్తోందని భయపడుతూ బతికారు. పగా లేదు, పాడూ లేదు. సారు సంతకం పెడుతున్నాడంటే మస్టరు పిలుస్తున్నాడనుకుని, పిల్లవాడి మార్కుల దగ్గర్నుంచి గ్యాసు పుస్తకం దాకా, పరుగున వచ్చి వేలు పెట్టిపోతోంది ఆ పిచ్చితల్లి. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. తర్వాత ఆ పిల్ల చేతిలోంచి కాగితం తీసుకుని చింపేశారు. తెల్ల కాగితం ఇంకోటి లాక్కుని రాయడం మొదలుపెట్టారు. పేజీ నిండింది. సంతకం పెట్టబోయారు.

"ఆగుండ్రి సారూ" అంది శ్రీలత. "ముందుగాల సదివి ఇనిపియ్యండి. మా ఊర్ల పట్వారి గూడ సదివి ఇనిపిచ్చినంకనే నిశాని పెట్టిచ్చుకుంటడు. ఏముందో తెల్వకుండ మా అమ్మ మల్ల వేలు పెట్టొద్దు."

"చదవకు" అన్నారు ఈఈ గారు, వినీ వినబడనట్టు. "నీ ఉద్యోగం పోతుందయ్యా, ఆలోచించుకో."

భీమేశ్వరరావు గారు లేచి నిలబడి చదివారు. రుక్కమ్మ ముప్పై రెండో మనిషిగా ఆ రోజు హాజరైందని చదివారు. విజిలు ఒకసారే ఊదించానని, జెండా చూడలేదని చదివారు. పేజీలు చింపింది నేనే, కట్టెలు ఏరుకోవడానికి వచ్చిందని రాసింది నేనే అన్న చోట ఆగి, మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదట్నుంచి చదివారు. బయట రోలరు నడిపే మనిషి కూడా రోలరు ఆపి వచ్చి గుమ్మం దగ్గర విన్నాడు. చివర "చదివి వినిపించగా విని" అని చేర్చి, సంతకం పెట్టి, అందరూ చూస్తుండగా ఎదురుచూశారు.

ముద్ర పడలేదు. రాములు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఎంతసేపటికీ పడలేదు. వింటున్నది కాబోలు, ఆలోచించుకుంటున్నది కాబోలు. మనల్ని చంపినవాడు చదివిన కాగితం మీద ఊఁ అనడానికి ఎవరికైనా టైము పడుతుంది మరి. ఆ తర్వాత, మెల్లగా, కింద ఉన్న ఫైలు అట్ట మీద కూడా అచ్చు దిగేంత గట్టిగా పడింది.

పుణ్యవతి గారు జాబితా మీద సుబ్బలక్ష్మి పేరు కొట్టేసి, రుక్కమ్మ అని రాసి, పక్కన తన పొడి అక్షరాలు వేసింది. శ్రీలత కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఇగ ఠాణాకి పోత. రిజిస్టరు తీస్తరు."

"అక్కర్లేదమ్మా" అన్నారు భీమేశ్వరరావు గారు. "ఎక్కడ ఉందో నాకు తెలుసు. ఆ రోజు పోలీసులతో నేనే వెళ్ళాను."

ఆ పిల్ల ఆయన వైపు తిరిగింది. "రెండేండ్లు సారూ" అంది. "నెల తప్పకుండ వచ్చిన."

ఆయన పెన్ను బల్ల మీద వదిలేసి బయటికి నడిచారు.

హఫీజ్‌పేట్ రైలు పట్టాల అవతల, కంచె పక్కన, అనాథ శవాల కోసం వదిలిన చోటు అది. దారి చూపించాలి కాబట్టి ఆయన ముందు నడవాల్సి వచ్చింది. వెనక నుంచి ఆమె చూపు తన వీపు మీదే ఉందని దారి పొడుగునా తెలుస్తూనే ఉంది. తుమ్మచెట్టు నుంచి మూడో దిబ్బ దగ్గర ఆగి, చెప్పులు విడిచి, ఇదేనన్నారు. దిబ్బ దాదాపు నేలమట్టమైంది. శ్రీలత కూర్చుని దాని మీది పల్లేరు పీకింది. ఏడుపు అయ్యేదాకా ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని చుట్టూ చూసింది.

"తలకాడ ఒక రాయి పెట్టాలె. మల్ల గుర్తు దొరకాలెగదా" అంది. "గా బండ తెండ్రి సారూ."

పట్టాల వారగా ఒక బండరాయి పడి ఉంది. భీమేశ్వరరావు గారు ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో కొండలకి కొండలు కొలిచి పుస్తకాల్లో రాశారు గాని, ఒక్క రాయి మోసిన పాపాన పోలేదు. చేతుల్తో ఎత్తితే లేవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒళ్ళోకి దొర్లించుకుని, ఎలాగో నెత్తికి ఎత్తుకుని లేచారు. నాలుగడుగులకే మెడ నరాలు లాగేశాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. సాయం పట్టమని అడగడానికి ఆయనకి మొహం చెల్లలేదు. శ్రీలతా లేవలేదు.

దిబ్బ దాకా మోసుకొచ్చి దించారు. ఆమె వంగి చూసింది.

"వంకర ఉంది సారూ" అంది. "సక్కగ పెట్టుండ్రి."

ఆయన మళ్ళీ వంగారు.