ఫోర్కు సీలు

పక్షవాతంతో నాగప్పకు కుడిపక్కా, మాటా పడిపోయాక, ధర్మవరం నుంచి హిందూపురం దుకాణాలకు పట్టుచీరలు చేర్చే పని ఆయన భార్య నీలావతి మీద పడింది. ఆయన మోటార్‌సైకిలే నేర్చుకుంది. దారి పొడవునా ఒంటరి ప్రయాణం. ఇంటికొస్తే ఉలకని పలకని మనిషి. మొదట్లో ఆయనకు అన్నీ చెప్పేది. జవాబు రాని మాటలు ఎన్నాళ్లు చెబుతుంది?

ఒకరోజు పెనుకొండ దగ్గర, రోడ్డు పనుల ఎర్రదుమ్ములో, బండి ముందుభాగం దబదబా కొట్టుకుంది. ఆపి చూస్తే ముందు చక్రం పక్కనుండే ఫోర్కు పైపు మీద నూనె కారుతోంది. పెనుకొండలో మెకానిక్ చంద్రప్పకు చూపిస్తే, వేలితో తుడిచి చూశాడు.

"నూనె బయటికి రాకుండా ఆపే సీలు లీకవుతాండాదక్కా. పైపులకు రబ్బరు తొడుగులుండల్ల కదా, యాడ పోయినాయి?"

"చినిగి యాలాడతాంటే పీకేస్తి."

"అందుకే దుమ్ము సీలు కాడికి పోయింది. బండి ఈడ ఇడ్సిపో, రేపిస్తా."

చీరలు ఆ పూటే చేర్చాలి. మెల్లగా పోయి, మెల్లగా తిరిగొచ్చింది.

ఇంట్లో బండి కింద నూనె చుక్కలు చూడగానే నాగప్ప "ఊఁ, ఊఁ" అంటూ ఎడమచెయ్యి ఊపాడు. నీళ్లిస్తే తోసేశాడు. దుప్పటి కప్పితే లాగేశాడు.

"ఏం కావల్లయ్యా? నాకెట్ల తెలుస్తాది!" నీలావతి గట్టిగా అరిచేసింది.

ఆయన మంచం దిగి, పాకుతూ బండి దగ్గరికెళ్లాడు. చీర ప్లాస్టిక్ కవరు చూపించి, వేళ్లు కత్తెరలా ఆడించాడు. ఆమె ఒక పట్టీ కత్తిరించి ఇచ్చింది. సీలు మీది రబ్బరు మూతను ఆమె చేత పైకి లేపించి, పట్టీని సీలుకూ పైపుకూ మధ్య దూర్చి చుట్టూ తిప్పాడు. నల్లటి మడ్డి బయటికొచ్చింది. తర్వాత పట్టీ ఆమె చేతికిచ్చి, ఆ చేతిమీద తన చెయ్యి వేసి తిప్పించాడు.

"అబ్బా, ఇంత ఇసకనా!"

సగం నోటితో నాగప్ప నవ్వాడు.

నూనె కారడం ఆగింది. మరుసటి వారం ఆమె హిందూపురంలో కొత్త తొడుగులు కొనితెస్తే ఇద్దరూ కలిసి తొడిగారు. ఆ తర్వాత ఆయనకు బండితో పనిలేకపోయింది. ఇల్లు మళ్లీ మూగబోయింది.

కొన్నాళ్లు ఓర్చుకుని, ఒక సాయంత్రం నీలావతి అంది: "మళ్లీ కారతాండాదేమో, రవ్వంత చూడయ్యా."

ఆయన పాకుతూ వచ్చాడు. తొడుగు ఎత్తి బొటనవేలితో పైపు తడిమాడు. పొడిగా ఉంది. తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

నాగప్ప మంచం దగ్గరికి పోలేదు. చక్రానికి వీపు ఆనించి, పక్కనున్న నేలను చేత్తో తట్టాడు. నీలావతి వచ్చి కూర్చుంది.