హారిక చెవి వెనక

నేను ఒక చెవి మిషన్ని. చిక్కుడు గింజ కన్నా కొంచెం పెద్దగా ఉంటాను. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, జగిత్యాలలో ఒక రిటైర్డ్ తహసీల్దారు గారి చెవి వెనక మొదటి కాపురం పెట్టాను. భార్య మాట్లాడటం మొదలుపెట్టగానే ఆయన నన్ను తీసి సొరుగులో పడేసేవారు. వినే భాగ్యాన్ని వద్దనుకునే మనుషులుంటారని అక్కడే తెలిసింది. ఆయన పోయాక కొడుకు నన్ను ఆసుపత్రికి ఇచ్చేశాడు.

అక్కడి డాక్టరమ్మ నన్ను సరిచేసి హారిక చెవికి పెట్టింది. ఆ పిల్లది పుట్టు చెవుడు. మూడేళ్లు నిండినా నోట ఒక్క మాట లేదు. తల్లి స్వరూప ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది.

"మిషను చప్పుడే వినిపిస్తది స్వరూపా. మాటలు నువ్వే నేర్పాలె. ఇదేంది, అదేంది అని పరీక్షలు పెట్టకు. నువ్వు చేసే పనే చెప్పుకుంట పో," అంది డాక్టరమ్మ.

స్వరూప ఆ మాటను గట్టిగా పట్టుకుంది. "సూదిల దారం ఎక్కిస్తున్న బిడ్డా. ఎర్ర దారం. ఇగో, గుండీ కుడుతున్న." ఉల్లిగడ్డ కోస్తూ, కళ్లు తుడుచుకుంటూ, ఘాటంటే ఏమిటో చెప్పేది. బట్టలు పిండుతూ, ఆరేస్తూ, మడతపెడుతూ పనికో మాట. గొంతు బొంగురుపోతే వేడినీళ్లు తాగి మళ్లీ అందుకునేది. హారిక చిరాకుపడి నన్ను పీకి విసిరేసేది. స్వరూప తుడిచి మళ్లీ పెట్టేది.

అత్త లచ్చవ్వకు ఇది నచ్చలేదు.

"గోడతోని మాట్లాడినట్టే ఉన్నది. ఎందుకే నోరు నొప్పి జేసుకుంటవ్?"

"గోడ కాదత్తమ్మా, నా బిడ్డ. మాటలు లోపలికి పోతున్నయ్. నిండినంక అవే బయటికొస్తయ్."

ఎండలు పోయి వానలొచ్చాయి. హారిక పెదవి విప్పలేదు. స్వరూప ఆపలేదు.

ఒక పొద్దున స్వరూప గుమ్మంలో ఎవరికో కొలతలు తీస్తోంది. లచ్చవ్వ అరుగు మీద బియ్యం ఏరుతోంది. పొయ్యి మీద సుయ్‌మన్న చప్పుడును నేను హారిక చెవిలో వేశాను. అది తల తిప్పి చూసింది, పరుగున వెళ్లి నాయనమ్మ కొంగు లాగింది.

"పాలు... పొంగు!"

లచ్చవ్వ చేతిలో చాట జారిపోయింది. స్వరూప ఉరికొచ్చి, ముందు పొయ్యి ఆపి, తర్వాత బిడ్డను గుండెకు అదుముకుంది. పాలన్నీ నేలపాలయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు లచ్చవ్వ మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఇది చాట బిడ్డా. ఇవి బియ్యం. రాళ్లు ఏరుతున్న, సూడు."

ఇప్పుడు హారిక రెండో తరగతి. నాకు వయసైపోయింది, శబ్దం గరగరమంటోంది. త్వరలో కొత్త మిషను వస్తుంది. దిగులేమీ లేదు. వినవలసింది మొన్ననే విన్నాను. బడిలో సారు స్వరూపను పిలిపించాడు.

"హారికతోని ఏగలేకపోతున్నమమ్మా. క్లాసుల ఒకటే ముచ్చట్లు. పక్క పిల్లను రాయనిస్తలేదు."

స్వరూప పక్కనే ఉన్న హారికను దగ్గరికి లాక్కుంది.

"ఇంకోసారి చెప్పుండ్రి సారూ," అంది.

ఆమెకే సరిగా వినపడలేదేమో అనుకుని, పాపం, సారు ఈసారి గట్టిగా చెప్పాడు.