తెర మీద ఎర్రమెట్లు

మా నరసరావుపేట చర్చిలో తొంభై ఏళ్ల నాటి రాగాల పుస్తకం ఒకటి ఉంది. ప్రతి కీర్తనకూ నాలుగు గొంతుల స్వరాలను ఐదు గీతల మీద అచ్చువేసిన పుస్తకం. చదవగలిగినవారు ఎవరూ మిగలలేదు కనుక దానిని పాతకాగితాల కింద చిలకలూరిపేటకు పంపాలని కమిటీ నిర్ణయించింది. ముప్ఫై ఆరేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని; చదవరాదన్న కారణంతో పుస్తకాన్ని పారవేయడం నేను అంగీకరించగల తర్కం కాదు. చదివి వాయిస్తానని లేఖ రాశాను. ఆరు వారాలు గడువిచ్చారు.

ఒక కీబోర్డు కొని, సంగీతం నేర్పే యాప్ ఉన్న ట్యాబ్‌కు వైరుతో కలిపాను. పుస్తకంలోని పేజీని ఫోటో తీసి ఇస్తే, తెర పైభాగంలో ఐదు గీతల మీద ఆ స్వరాలు కదులుతాయి. కింద బొమ్మ కీబోర్డులో నొక్కవలసిన మెట్టు నీలంగా వెలుగుతుంది. సరిగా నొక్కితే పచ్చబడుతుంది, తప్పితే ఎర్రబడుతుంది. మొదటి రెండు వారాలూ నేను వెలుగునే చూశాను, గీతలను చూడలేదు. ఆ మోసం గ్రహించాక బొమ్మకు అట్టముక్క అడ్డం పెట్టి, స్వరం చదివి నొక్కి, ఆ తరువాతే అట్ట తీసి సరిచూసుకున్నాను. అరవై తొమ్మిదో ఏట ఒక కీర్తన రెండు చేతులతో వచ్చింది.

పరీక్ష రోజున కమిటీ అధ్యక్షుడు రాజరత్నం నా ట్యాబ్‌ను చర్చి కీబోర్డుకూ, గోడ మీది పెద్ద తెరకూ కలిపించాడు. అందరూ చూడాలట. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వాయించాను. తెర మీద మెట్లన్నీ ఎర్రబడ్డాయి. రెండు చరణాలయ్యేసరికి సున్నా శాతం అని పడింది. ఆపాను.

"సున్నా అంటే చానా తక్కువ గదమ్మా," అన్నాడు రాజరత్నం సానుభూతితో.

అప్పుడు కీబోర్డు మీది చిన్న గడిని చూశాను. ట్రాన్స్‌పోజ్ రెండు అని ఉంది. అంటే ఏ మెట్టు నొక్కినా దానికి రెండు మెట్ల పైది పలుకుతుంది. తెరకూ ఆ పైదే చేరుతుంది. ఆదివారాలు వాయించే ఫ్రాన్సిస్ వైపు తిరిగాను.

"నేను నల్లమెట్ల జోలికి పోనండి టీచరుగారూ. అన్నీ తెల్లవాటి మీదే వాయిస్తా, మిగతాది బటన్ చూసుకుంటది. పదేళ్లయింది దాన్ని కదిలించి," అన్నాడు. సిగ్గుపడలేదు.

పాట అంతా ఒకే దూరం పైకి జరిగిందనీ, రాగం చెడలేదనీ, తెర ఆపి వినమనీ కోరాను. చూడకుండా తప్పొప్పులు ఎట్లా తెలుస్తాయని కమిటీ అడిగింది. ఇది సంగీతం గురించి అడిగిన ప్రశ్న.

ముందు బెంచీలో రామాయమ్మ ఉంది. ఎనభై దాటింది; రెండు కళ్లకూ శుక్లాలు, తెర కనిపించదు. నేను వాయించినంతసేపూ ఆమె పాడుతూనే ఉంది. అందరూ పాడే రాగం కాదు, దాని కిందుగా నడిచే రెండో గొంతు. చిన్ననాడు హాస్టల్లో నేర్చుకున్నదట. ఫ్రాన్సిస్ వాయించినప్పుడు ఆమె అలా పాడగా నేనెన్నడూ వినలేదు.

"ఆపావేంది పంతులమ్మా?" అంది. "ఇంకో చరణం ఉందిగా. నాకు బాగా వచ్చేది అదే."

బటన్ ముట్టకుండానే వాయించాను. ఆమె పాడింది. తెర ఎర్రగానే ఉంది. చివరి స్వరం దాకా ఎవరూ లేవలేదు.

పుస్తకాన్ని ఉంచాలనీ, లోపమున్న తెరను బాగుచేయించాలనీ కమిటీ తీర్మానించింది. తెరలో లోపమేమీ లేదని నేను రాతపూర్వకంగా తెలియజేశాను. మెకానిక్ మంగళవారం వస్తున్నాడు.