ఎలీ పేరున వండిన అన్నం

కాంగో దేశం మ్యాపులో ఎక్కడుందో చూపించమంటే సత్యభామ ఇప్పటికీ తడుముకుంటుంది. కానీ అక్కడ యుద్ధం మళ్ళీ రాజుకున్న నెల మాత్రం ఆవిడకు బాగా గుర్తు. తెలుగునేల వదిలి వచ్చి స్థిరపడిన క్రెయిగీబర్న్‌ ఊళ్ళో ఆవిడ పనిచేసే వృద్ధాశ్రమం వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాటలు మానేసింది ఆ నెలలోనే.

ఒకావిడ బియాట్రీస్, గోమా పట్నం మనిషి. రెండో ఆవిడ క్లోడిన్, దానికి దక్షిణాన కొండల మీద ఆవుల్ని మేపుకునే జనంలో పుట్టింది. ఇద్దరిదీ ఒకే దేశం, ఇక్కడ ఇద్దరూ వెళ్ళేది ఒకే చర్చి. ఆ జనవరిలో గోమా తిరుగుబాటుదార్ల చేతికి పోయింది. ఆ గొడవల్లోనే బియాట్రీస్ అక్కకొడుకు ఇంటి మీద గుండు పడి చచ్చిపోయాడు. తిరుగుబాటుదార్ల వెనక ఉన్నది పక్కదేశం రువాండాయేనని బియాట్రీస్ అంటుంది. మాకేం సంబంధం లేదని రువాండా అంటుంది. క్లోడిన్ వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే భాష రువాండా భాషకు దగ్గర. క్లోడిన్ చేసిన నేరం ఏమన్నా ఉంటే అదొక్కటే.

"ఇదంతా మీవాళ్ళ పనే" అంది బియాట్రీస్ ఒకరోజు, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ.

"మా తాతముత్తాతలు పుట్టింది ఆ కొండల్లోనే. మమ్మల్ని పరాయివాళ్ళంటూ తరిమిందే మీరు" అంది క్లోడిన్.

ఆ తర్వాత సింకుకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మధ్యలో సత్యభామ. ముగ్గురూ మాట్లాడుకునేది ఇంగ్లీషే. ముగ్గురికీ అరువు భాషే కాబట్టి ఒకరి తప్పులు ఇంకొకరు పట్టించుకోరు.

సత్యభామ బియాట్రీస్‌ని కాదనుకోలేదు గానీ, ఆవిడ ప్రాణం క్లోడిన్ దగ్గరే ఉండేది. గర్భసంచి ఆపరేషనైనప్పుడు తెనాలి నుంచి అక్కచెల్లెళ్ళు వీడియో కాల్లో కుమిలి కుమిలి ఏడ్చారు. వాళ్ళను ఓదార్చలేక ఆవిడకే నీరసం వచ్చింది. క్లోడిన్ మాత్రం ఏడవలేదు. రోజూ వచ్చి బాత్రూముకి నడిపించింది, జుట్టు చిక్కు తీసింది, దుప్పట్లు ఉతికి ఆరేసింది. పరాయి దేశంలో అలాంటి మనిషి దొరకడం అదృష్టమని సత్యభామ అందరితోనూ అనేది.

ఇక ఆవిడ మొగుడు శేషగిరి. ఐటీ మనిషి, యూట్యూబు పండితుడు. ప్రపంచంలో ఎక్కడ తుపాకీ పేలినా ఆయన దగ్గర కారణం సిద్ధంగా ఉంటుంది.

"అసలు రూట్ కాజ్ మినరల్స్, భామా" అన్నాడు చారన్నం కలుపుకుంటూ. "మన ఫోన్లలో వేసే ఖనిజం అక్కడే దొరుకుద్ది. ఎవుడి కన్నైనా దాని మీదే. కాదు, ఎప్పుడో రువాండాలో జరిగిన నరమేధం దగ్గర మొదలైందంటారు ఇంకొంతమంది. అప్పట్లో ఏలిన బెల్జియం వాడు గీసిన బోర్డర్లంటారు మరికొందరు. ఇట్స్ వెరీ కాంప్లికేటెడ్."

"పాపం క్లోడిన్ తమ్ముడు అక్కడే ఉన్నాడండీ. కొండ మీద బళ్ళో మేష్టారంట."

"అదే చెప్తన్నా, రూట్ కాజ్ తెలిస్తేగానీ..."

ఆవిడ పెరుగు గిన్నె ఆయన ముందుకు తోసి లేచింది. యుద్ధానికి కారణం దొరికితే మనిషి దొరికినట్టేనని మగవాళ్ళకు ఎవరు చెప్పారో గానీ, ఆ నమ్మకం మాత్రం వాళ్ళకు గట్టిగా ఉంది.

ఇక్కడ చలికాలమైన జూన్‌లో ఒక పొద్దున క్లోడిన్ పనిలోకి రాలేదు. తమ్ముడు ఎలీ చనిపోయాడు. ఊరి నుంచి ఊరికి నడిచి వెళ్తుంటే దారిలో పోయాడు. ఆకాశం నుంచి ఏదో వచ్చి పడిందని కొందరు, చెట్ల చాటు నుంచి కాల్చారని కొందరు, సర్కారు సైన్యమని ఒకరు, సైన్యం తరఫున తిరిగే కుర్రాళ్ళని ఇంకొకరు, అసలు తిరుగుబాటుదార్లే చంపి నెపం అవతలివాళ్ళ మీదికి నెట్టారని మరొకరు. ఎవరి మాట వాళ్ళది. తల్లి యుగాండాలో శరణార్థుల శిబిరంలో ఉంది. సరిహద్దు దాటలేక, కొడుకును మట్టి చేసే వేళకు వెళ్ళలేకపోయింది.

సత్యభామ ఆ ఆదివారం పరామర్శకు వెళ్ళింది. వెలిసిపోయిన నేత చీర కట్టుకుని, చేతిలో పండూ కాయా లేకుండా, ఒట్టి చేతులతో వెళ్ళింది. చావింటికి ఎలా వెళ్ళాలో, ఎలా రావాలో ఆవిడకు ఒకరు నేర్పనక్కర్లేదు.

క్లోడిన్ ఇంటి గ్యారేజీలో కార్లు తీసేసి కుర్చీలు వేశారు. గోడ వారగా బల్లల మీద పెద్ద పెద్ద గిన్నెలు. ఊరందరికీ సరిపడా వండారు. కుర్చీలు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి. ఇంకా వస్తారు కాబోలనుకుంది సత్యభామ. క్లోడిన్ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

క్లోడిన్ చుట్టాలావిడ ఒక పళ్ళెం తెచ్చింది. అన్నం, ఎర్ర చిక్కుడు గింజల కూర. సత్యభామ దణ్ణం పెట్టి వద్దంది. మంచినీళ్ళు తెస్తే అవీ వద్దంది. కాసేపటికి క్లోడినే లేచి ఆ పళ్ళెం మళ్ళీ తెచ్చింది.

"కొంచెం తిను, సత్యా."

"వద్దు, ప్లీజ్. నువ్వు కూర్చో."

క్లోడిన్ పళ్ళెం పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, ఆఖరికి ఆవిడ పక్క కుర్చీలో పెట్టింది. ఎదురుగా కూర్చున్న నలుగురూ పళ్ళెం వంకా, సత్యభామ వంకా చూశారు. ఎవరో ఫోన్ చేస్తే క్లోడిన్ లోపలికి వెళ్ళింది. సత్యభామ అప్పుడు లేచి, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా బయటికి వచ్చేసింది. చావింట్లో ఎంగిలి పడకూడదు. వెళ్ళొస్తానని అసలే అనకూడదు. అలాంటి పని మీద ఆ గుమ్మానికి మళ్ళీ వస్తానని ఎవరంటారు?

ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడి, తువ్వాలు పట్టుకు రమ్మని కూతురు అమూల్యను కేకేసింది.

"అమ్మా, ఇట్స్ ఫ్రీజింగ్! జస్ట్ కమ్ ఇన్!"

"నన్ను ముట్టుకోమాకు. ముందు బాత్రూం తలుపు తియ్యి."

తలారా స్నానం చేసి దీపం పెట్టుకుంది. చెయ్యవలసింది చెయ్యవలసిన తీరునే చేశానని ఆవిడ మనసుకు కాస్త ఊరట కలిగింది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పుడు ఆవిడకు సిగ్గేస్తుంది.

క్లోడిన్ మళ్ళీ పనిలోకి వచ్చింది. సత్యభామ పలకరిస్తే పని మాట తప్ప ఇంకో మాట లేదు. టీ వేళకు వెళ్ళి కారులో కూర్చునేది. కొన్నాళ్ళకు సాయంత్రం షిఫ్టుకు మారిపోయింది. దుఃఖం కదా, మనుషుల మొహం చూడాలనిపించదు, కొన్నాళ్ళు పోతే తనే వస్తుందని సత్యభామ సరిపెట్టుకుంది.

అలా సరిపెట్టుకుంటుండగానే ఒకరోజు స్టోర్ రూములో బియాట్రీస్ ఆవిడను గట్టిగా కావలించుకుంది. ఆ మనిషి కళ్ళ నిండా నీళ్ళు.

"థాంక్యూ. నువ్వు వాళ్ళింట్లో ముద్ద ముట్టలేదని చర్చిలో అందరికీ తెలిసింది. కూర్చుని, చూసి, పళ్ళెం పక్కన పెట్టి, మాట చెప్పకుండా లేచి వచ్చావట. మా అక్కకొడుకు కోసం ఇక్కడ ఒక్కరన్నా నిలబడ్డారు."

సత్యభామకు ముందు అర్థం కాలేదు.

"తినకపోతే ఏంటి?" అంది.

"చావింటి అన్నం తినకపోతే ఏంటా? మీ చావుతో మాకు పనిలేదు, మీరు మావాళ్ళు కారు అని. ఇంకేముంటుంది? చర్చిలోంచి మేమెవరం అసలు వెళ్ళనేలేదు. నువ్వు వెళ్ళి మరీ మొహం మీద చెప్పొచ్చావు."

"నేనందుకు కాదు, బియాట్రీస్. మాలో చావింట్లో ఎవరూ తినరు. మా అమ్మ పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళు మంచినీళ్ళు ముట్టలేదు."

బియాట్రీస్ చేతులు వదిలేసింది. మొహం తుడుచుకుంది. "అయితే నువ్వు వాళ్ళ మనిషివేనన్నమాట" అని బియ్యం బస్తా లాక్కుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ మీద సత్యభామకు కోపం రాలేదు. ఎక్కడో పోయిన పిల్లాడి కోసం ఇంత దూరంలో ఒక మనిషి తోడు దొరికిందని మురిసిపోయింది పాపం, ఆ కాస్తా తను లాగేసుకుంది.

ఆ రాత్రి శేషగిరికి చెప్పి ఏడ్చింది. ఆయన మొదటిసారి రూట్ కాజ్ ఊసెత్తలేదు. "అయ్యో, నీకేం తెలుసు భామా. కల్చరల్ మిస్‌అండర్‌స్టాండింగ్. వెళ్ళి చెప్పు, అర్థం చేసుకుంటది" అన్నాడు.

మర్నాడే క్లోడిన్ ఇంటికి వెళ్ళింది. మధ్యాహ్నం వాలుతోంది. తలుపు తీసిన క్లోడిన్ లోపలికి రమ్మనలేదు, వద్దనీ అనలేదు. హాలు నిండా అట్టపెట్టెలు. ఈ దేశంలోనే దూరంగా ఉన్న ఇంకో రాష్ట్రం, క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోతున్నారట. అక్కడ తమవాళ్ళు కొంతమంది ఉన్నారట, చర్చి కూడా వేరేనట.

సత్యభామ నిలబడే చెప్పింది. మైల సంగతి, స్నానం సంగతి, వెళ్ళొస్తానని ఎందుకు అనకూడదో, అన్నీ. చెబుతుంటే తన మాటలు తనకే సంజాయిషీలా వినిపించాయి. పుట్టినప్పటి నుంచీ గాలి పీల్చినంత మామూలుగా చేస్తూ వచ్చిన పనిని మొదటిసారి మాటల్లో పెట్టాల్సి వచ్చింది.

"అంటే, తినకపోవడం గౌరవం" అంది క్లోడిన్ నెమ్మదిగా.

"అవును."

"నమ్ముతాను, సత్యా. నీ మీద కోపం లేదు. కానీ ముందే చెప్పి ఉంటే ఆ గ్యారేజీలో నేను లేచి నిలబడి అందరికీ చెప్పేదాన్ని. చర్చి రాకపోతే పోనీ, నా సత్యా వస్తుంది, మనతో కూర్చుని తింటుంది అని పొద్దుటి నుంచీ మావాళ్ళతో అంటూనే ఉన్నాను. నువ్వు వెళ్ళిపోయాక మా పెదనాన్న, ఇక గిన్నెలు కడిగేయండి అన్నాడు."

"ఇప్పుడు పెట్టు. ఏముంటే అది పెట్టు, తింటాను. మైలా లేదు, గియిలా లేదు."

క్లోడిన్ తల అడ్డంగా ఊపింది. "అది ఎలీ అన్నం. మళ్ళీ వండరు."

అప్పుడే క్లోడిన్ ఫోన్ మోగింది. శిబిరంలో అది పొద్దున వేళ. తల్లి. క్లోడిన్ కంగారుగా తెర మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మకు నేను ఇల్లు పట్టనంతమంది వచ్చారని చెప్పాను" అంది గొంతు తగ్గించి. "చర్చి అంతా వచ్చిందన్నాను. బియాట్రీస్ ఏడ్చిందని కూడా చెప్పాను. నువ్వు తిన్నావన్నాను. వాణ్ణి మట్టి చేసేటప్పుడు కూడా దగ్గర లేదు, ఇంకేం చెప్పను?"

చెయ్యి తీసింది. రేకుల గోడ ముందు ఒక ముసలావిడ. తల చుట్టూ గుడ్డ, ఎండిపోయిన కళ్ళు. కూతురి భుజం వెనక సత్యభామను చూసి గుర్తుపట్టింది. టీ వేళల్లో ఎన్నోసార్లు ఫోన్లో నవ్వుకున్న మొహాలే. ఆవిడ గబగబా ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది.

"గింజలు మెత్తగా ఉడికాయా అని అడుగుతోంది" అంది క్లోడిన్, సత్యభామ వైపు చూడకుండా. "నువ్వు ఆవు మాంసం తినవని అమ్మకు తెలుసు. నీకు విడిగా కొత్త గిన్నెలో వండమనీ, మాంసం గరిటె అందులో పెట్టొద్దనీ ఆ పొద్దున ఫోన్లో నాకు పదే పదే చెప్పింది."

కొడుకు పోయిన పొద్దుల్లో ఆ తల్లి తన తిండి గురించి ఆలోచించింది. సత్యభామకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. ఆ పళ్ళెంలో మాంసం లేకపోవడం ఆ రోజు ఆవిడ గమనించనైనా లేదు.

ముసలావిడ జవాబు కోసం చూస్తోంది. ఏ భాషలో చెప్పాలో తోచక సత్యభామ తెలుగులోనే చెప్పింది.

"ఉడికాయమ్మా. వెన్నలా ఉన్నాయి. కడుపు నిండా తిన్నాను."

అటు ఆ మాటలను వాళ్ళ భాషలోకి మార్చి చెప్పే అవసరం రాలేదు. ముసలావిడ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని నిదానంగా ఏదో అంది.

"ఏమంటున్నారు?" అంది సత్యభామ.

"ఇంతమంది తిన్నారు కదా, నా బిడ్డ దిక్కులేనివాడిలా పోలేదు, అంటోంది."

ఇద్దరూ సత్యభామ మొహం వంకే చూస్తున్నారు. పోలేదమ్మా, పోలేదు, అని ఆవిడ తల ఊపింది.