చూడలేదు

ఎర్రిస్వామి పెన్సిల్ చెక్కుకుని, అంకెలు చూపే కౌంటరు పెట్టెమీద దుమ్ము తుడిచి, గడియారానికి ఎదురుగా బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, ముక్కుమీదికి జారిపోయే కళ్ళద్దాలు, కాలరు చిరిగినా శుభ్రంగా ఉతికిన చొక్కా. ఆ ఎనభైఆరు కరువులో, భూగర్భజలాల సర్వేవాళ్ళు పావగడలో అద్దెకు తీసుకున్న గదికి అతనే అటెండరు.

మంగళవాడ బోరు నీళ్ళలోంచి తీసిన రేడాన్ వాయువు ఒక మూసిన సీసాలో ఉంది. అది తనంతట తానే ఎలా తరిగిపోతుందో పన్నెండు రోజులపాటు, రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి, కౌంటరులో అంకె చూసి రాయాలి. ఎనిమిది రోజులు రాశాడు. సీసా నింపిన మర్నాడే బోరు ఎండిపోయింది కనుక మళ్ళీ మొదలుపెట్టే వీల్లేదు. ఒక్కరోజు తప్పినా ఇంకొకణ్ణి పెట్టుకుంటానని సర్వే నడిపే బెంగళూరు సారు ముందే చెప్పాడు.

"నాలుగు దినాలు తిరక్కముందే సగమైపోతాదక్కా. దాని అర్ధాయుస్సు అంతే," అన్నాడు వంటచేసే ఓబమ్మతో.

"అన్నం వొండేకాడ ఆ పాడుమాటలేందప్పా!" అని కసిరింది ఆమె.

పదకొండున్నరకు కరెంటు పోయింది. వీధిచివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట, రేపటిదాకా రాదట. పన్నెండయింది. అంకెలు వెలగలేదు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు ఎర్రిస్వామి.

రోజుకు ఆరోవంతు తరుగుతుందని అతనికెవరూ చెప్పలేదు, చూసి చూసి తనే పట్టాడు. నిన్న ఆరువందల పన్నెండు. అంటే ఈరోజు అయిదువందల పది. ఆ అంకె నాలుకమీదే ఉంది.

"తెల్సినప్పుడు రాస్తే ఏమప్పా? ఎవురు సూడొచ్చినారు?" అంది ఓబమ్మ.

"సూడంది రాస్తే, సూసినవి గూడా అబద్ధమైపోతాయక్కా."

తొమ్మిదో రోజు గడిలో "చూడలేదు" అని రాశాడు. పేరును పట్టుకుని ఊరంతా ఎర్రోడని ఆటపట్టించే మనిషే. ఆ పూట అతనంత గట్టివాడు తాలూకా మొత్తంలో లేడనే చెప్పాలి.

పన్నెండు రోజులూ అయ్యాక సారు వచ్చాడు. గళ్ళకాగితం పరిచి, చుక్కలు పెట్టి, గీత గీశాడు. తప్పిన రోజు దగ్గర గీత సరిగ్గా అయిదువందల పది మీదుగా పోయింది.

"ఊహించలేకపోయావా?"

"ఊహకొచ్చినాది సార్. కంటికి రాలేదు."

సారు కాగితాన్ని గోడకు అంటించి, కొత్త సీసాలు ఎర్రిస్వామి చేతికే ఇచ్చాడు.

మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం అతను అంకె రాసి, బల్లమీద తల వాల్చాడు. ఓబమ్మ అన్నానికి పిలిస్తే లేవలేదు.

కొత్త మనిషి వచ్చాడు. ఓబమ్మ మాత్రం గది ఊడ్చినప్పుడల్లా గోడమీది కాగితాన్ని కొంగుతో తుడిచేది. దానిమీద పదకొండు చుక్కలు, వాటి మధ్య ఎవరూ చుక్క పెట్టని ఒక చోటు.