తువ్వాలు వేసిన సీటు

పామర్రు బస్సు ఆగీ ఆగకముందే శౌరమ్మ కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపింది. కూతురు జీవరత్నాన్ని సామాను దగ్గర కూర్చోబెట్టి, ఎవరు పిలిచినా వెళ్ళొద్దని మూడుసార్లు చెప్పి, జనాన్ని తోసుకుంటూ ఎక్కింది. పిల్లకు పదేళ్ళే. విజయవాడ బస్టాండులో పిల్లలు ఎట్లా మాయమవుతారో పేపరు చదివేవాళ్ళు ఆమెకు చెబుతూనే ఉంటారు.

లోపల బొగ్గు కమురు. చెక్క బల్లలు. తన చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గుతో తిరిగిన బస్సు లాగే ఉంది. ఎక్కడ అంటుకుంటుందోనని హడలిపోతూనే తువ్వాలు పక్కన కూర్చుంది.

"ఇక్కడెవరన్నా ఉన్నారాండీ?" అన్నాడొకతను.

"మనిషి వస్తందండి," అంది తలెత్తకుండా. సీటు కాపాడేవాళ్ళు తలెత్తితే మొహమాటపడాలి.

"సరేలెండి," అని అతను తిరిగాడు. భుజాన సంచిలో ఉలి, బాడిసె. కమ్మీ పట్టుకున్న చేతికి చూపుడువేలు సగమే ఉంది.

శౌరమ్మ తలెత్తింది. చిన్నప్పుడు ఆ సగం వేలు పట్టుకునే ఆమె గుణదల కొండ ఎక్కింది. వడ్రంగి జక్కయ్య, వాళ్ళ నాన్న. ఆమె ఏడో ఏట ఊరికి పోయి మళ్ళీ రాలేదు. కూచిపూడి వైపు ఎవరితోనో కాపురం పెట్టాడని వన్ టౌనంతా చెప్పుకుంది. అమ్మ ఆ అవమానంతోనే కన్నుమూసింది. నిజం ఎవరికీ తెలియదు.

పోయిన నాటి లాగే ఇప్పుడూ ఆయనకు ముప్ఫయ్యే. ఆమెకు ముప్ఫై అయిదు.

"అన్నయ్యగారూ, ఇట్లా కూర్చోండి." తువ్వాలు తీసేసింది. "ఎందాకా?"

"పామర్రండి. చర్చికి తలుపులు బిగించాలి."

"అక్కడ మీవాళ్ళెవరన్నా ఉన్నారా? ఆడవాళ్ళు?"

ఆయన నవ్వాడు. "మీకన్నా పోలీసోళ్ళే నయం. ఎవరూ లేరండీ. ఎల్లుండికి ఇంట్లో ఉంటా. మా పిల్ల శౌరికి ఒళ్ళు వెచ్చగా ఉంది, వెళ్ళొద్దని ఒకటే ఏడుపు. మిగిలిన చెక్కతో పీట చేసి తెస్తానంటే ఊరుకుంది."

శౌరమ్మ ఆయన వైపు జరిగింది. "కాలవ దాటేటప్పుడు పడవెక్కొద్దండి. చీకట్లో నడవొద్దు, పాములుంటాయి. పరాయి ఊళ్ళో నీళ్ళు కాచుకుని తాగండి." ఏది ఆయన్ని తీసుకుపోయిందో తెలియక, తనకున్న భయాలన్నీ అప్పజెప్పింది.

"మా అమ్మని మించిపోయారే," అన్నాడాయన.

కండక్టరు రైట్ అన్నాడు. పామర్రు దాకా వెళితే నాన్నకేమైందో తెలిసిపోతుంది. కిటికీ అవతల జీవరత్నం సామాను మీద కూర్చుని తలుపువైపే చూస్తోంది. ఇప్పుడే వస్తానని పోయిన మనిషి కోసం అట్లా చూడటం ఎట్లా ఉంటుందో శౌరమ్మకు తెలుసు.

"వెళ్ళొస్తానండి," అని దిగిపోయింది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, పొగ కనుమరుగయ్యేదాకా నిలబడింది.

ఆదివారం వాళ్ళ చర్చి ఫాదర్‌గారి దగ్గరికి వెళ్ళి, చనిపోయినవారి పూజలో జక్కయ్య పేరు రాయమంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పేరు ఎవరూ రాయించలేదు.

"ఎప్పుడు పోయారమ్మా?" అన్నారు ఫాదర్‌గారు.

"పామర్రు వెళ్ళిన రెండ్రోజుల్లోపేనండి," అంది శౌరమ్మ. "బతికుంటే మూడోనాటికి ఇంటికొచ్చేవాడు."